జిడ్డును నీళ్ళు తగలకముందే ఆపాలి

మురుగు కాలువలోకి వదిలే నీటిలో నూనె, జిడ్డు కలిపి లీటరుకు 20 మిల్లీగ్రాములు మించకూడదని పర్యావరణ పరిరక్షణ నియమాల ఆరో షెడ్యూలు చెబుతుంది. చెరువులోకో వాగులోకో వదిలేటట్టయితే 10 మిల్లీగ్రాములే. ఈ అంకె హోటల్ నడిపేవాళ్ళకు అర్థం కావాలంటే వంటింటి లెక్కలోకి మార్చాలి. లీటరు వంటనూనె 910 గ్రాముల దాకా తూగుతుంది. ఆ లీటరూ సింకులో పోసి పరిమితి లోపల ఉండాలంటే దానికి 45,500 లీటర్ల నీళ్ళు తోడు పోయాలి. అయిదువేల లీటర్ల ట్యాంకర్లు తొమ్మిది తెప్పించినా ఇంకో అయిదొందల లీటర్లు తక్కువే పడతాయి. ఇదే లెక్కను తిరగేస్తే, రోజుకు పదివేల లీటర్ల నీళ్ళు వాడే హోటల్ నుంచి పొద్దుటి టిఫిన్ మొదలు రాత్రి ఆఖరి బిర్యానీ దాకా మోరీలోకి పోదగిన జిడ్డు 200 గ్రాములు. ఒక మామూలు గ్లాసుడు.

హోటల్ ముందు మ్యాన్‌హోల్ పొంగిన రోజున ఈ గ్లాసు ఎవరికీ గుర్తుకు రాదు. రాడ్ వేసేవాళ్ళకు ఫోన్ చేస్తారు, నీటి ధారతో పైపు శుభ్రం చేసే జెట్టింగ్ మెషీన్ కోసం హైదరాబాద్ నీళ్ళు, మురుగు చూసే జలమండలికి ఫిర్యాదు పెడతారు, రెండు వారాలు గడిచాక మళ్ళీ అదే కథ. జిడ్డును పైపుల సమస్యగా చూసినన్నాళ్ళూ ఇది తేలదు. అది వంటవాళ్ళ దగ్గరా, అంట్లు తోమేవాళ్ళ దగ్గరా మొదలయ్యే పని, అక్కడే ముగియాల్సిన పని. నూనెకు నీళ్ళు తగలకముందు దాన్ని ఆపడానికి ఒక రబ్బరు ముక్క, పాత పేపరు చాలు. నీళ్ళూ సబ్బూ తగిలాక అదే నూనెను వేరు చేయడానికి వేల రూపాయల స్టీలు పెట్టె కూడా సగం పనే చేస్తుంది. ఎందుకో కొంచెం వివరంగా చెప్పాలి.

పైపులో జిడ్డు గట్టిపడేది రెండు రకాలుగా. మొదటిది అందరికీ తెలిసిందే. మటన్ కొవ్వు, డాల్డా, నెయ్యి వేడి నీళ్ళతో పాటు పలచగా పోయి, చల్లటి పైపు గోడకు తగలగానే పేరుకుంటాయి. రెండోది ఇంకా మొండిది. నూనె మూకుట్లో మరిగే కొద్దీ, ఆ తర్వాత మురుగులోని సూక్ష్మజీవుల వల్లా విరిగి కొవ్వు ఆమ్లాలుగా మారుతుంది. వాటికి కాల్షియం దొరికితే రెండూ కలిసి నీటిలో కరగని సబ్బు తయారవుతుంది. మన బోరు నీళ్ళలో కాల్షియానికి కొదవ లేదు, బకెట్ అంచున తెల్లగా పేరుకునేదంతా ఆ గట్టి నీళ్ళ ప్రతాపమే. సిమెంటు పైపులు, మ్యాన్‌హోల్ గోడలు కూడా కాల్షియం ఇస్తాయి. 2017 సెప్టెంబరులో లండన్ వైట్‌చాపెల్ వీధి కింద బయటపడ్డ జిడ్డు దిమ్మ 250 మీటర్ల పొడవు, 130 టన్నుల బరువు. దాన్ని పగలగొట్టి తీయడానికి వారాలు పట్టింది. అలాంటి దిమ్మ వేడి నీళ్ళకు కరగదు.

అందుకే రాత్రి కొట్టు కట్టేముందు మరుగుతున్న నీళ్ళు సింకులో గుమ్మరించే అలవాటు మానేయాలి. మెత్తటి జిడ్డు ఆ వేడికి కదిలి ఇరవై అడుగులు పోయి, చల్లారిన చోట మళ్ళీ పట్టుకుంటుంది. సాధారణంగా ఆ చోటు మీ ప్రహరీ అవతల ఉంటుంది. కాస్టిక్ సోడా పోసినా అంతే. అది కొంత జిడ్డును సబ్బుగా మార్చి ముందుకు తోస్తుంది, ఆ సబ్బు గట్టి నీళ్ళలోని కాల్షియంతో కలిసి కిందెక్కడో మళ్ళీ గడ్డ కడుతుంది. యాసిడ్ పోస్తే సిమెంటు తింటుంది. పోసిన యాసిడ్ ఆ గొట్టంలోనే ఉన్న బ్లీచింగ్ పౌడర్‌తో కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది, కిటికీ లేని అంట్ల గదిలో అది ప్రాణం మీదికి తెస్తుంది.

ఇక గ్రీజ్ ట్రాప్, అంటే సింకు నీళ్ళలోంచి జిడ్డును ఆపే ఆ స్టీలు పెట్టె సంగతి. అందులో మాయ ఏమీ లేదు. నూనె నీటి కంటే తేలిక, నీళ్ళు నిదానిస్తే పైకి తేలుతుంది. పెట్టెలో మొదట మెతుకులు, ఎముకలు ఆపే జాలీ బుట్ట ఉంటుంది. తర్వాత అడ్డు పలక, దాని కింద మాత్రమే నీళ్ళు పోవడానికి సందు. చివర బయటికి పోయే గొట్టం, దాని మూతి లోపలి నీటిమట్టానికి బాగా కింద మునిగి ఉండాలి. తేలిన తెట్టు పైన ఆగిపోతుంది, కింది నీళ్ళు మాత్రమే బయటికి వెళతాయి. ఫ్యాబ్రికేషన్ షాపులో చేయించిన పెట్టెల్లో ఎక్కువగా కనిపించే తప్పు ఈ చివరి గొట్టంలోనే ఉంటుంది. పెట్టె గోడకు పైన ఒక రంధ్రం పెట్టి అక్కడే పైపు అతికించేస్తారు. అప్పుడు నీళ్ళ కంటే ముందు తెట్టే బయటికి జారుతుంది. మీ ట్రాప్ ఎలా ఉందో తెలుసుకోవడం తేలిక: మూత తీసి ఆఖరి అరలోకి చూడండి. అక్కడ కూడా మొదటి అరలో ఉన్నంత తెట్టు ఉంటే ఆ పెట్టె పని చేయడం లేదు.

స్టీలు కూడా అడిగి తెలుసుకోవాలి. 202 రకం చవక, కానీ ఉప్పుకూ పులుపుకూ చుక్కలు చుక్కలుగా చిల్లులు పడుతుంది. 304 అడగండి.

పెట్టె సరిగ్గా కట్టినా అది ఎంత పట్టుకుంటుందనేది నూనె బొట్టు పరిమాణం మీద ఆధారపడి ఉంటుంది. మిల్లీమీటరులో ఏడో వంతు, అంటే 150 మైక్రాన్ల బొట్టు నిలకడ నీటిలో సెకనుకు మిల్లీమీటరు కంటే కాస్త ఎక్కువ వేగంతో పైకి వస్తుంది. 30 సెంటీమీటర్లు తేలడానికి నాలుగు నిమిషాల పైన. బొట్టు సగం చిన్నదైతే నాలుగు రెట్ల సమయం కావాలి. లిక్విడ్ సోపు ధారాళంగా పోసి, పీచుతో రుద్ది, వేడి నీటి ధార కొడితే నూనె 20 మైక్రాన్ల బొట్లుగా చిట్లిపోతుంది. ఆ బొట్టు అదే 30 సెంటీమీటర్లు తేలడానికి నాలుగు గంటలు తీసుకుంటుంది. సింకు కింద పెట్టిన 50 లీటర్ల పెట్టెలో నీళ్ళు ఉండేది ఒకటి రెండు నిమిషాలు. కాబట్టి సబ్బు కలిసిన జిడ్డును చిన్న ట్రాప్ ఆపుతుందని ఆశ పెట్టుకోకూడదు. పాత్ర తళతళలాడాలని సబ్బు రెండింతలు పోయించే యజమాని తన ట్రాప్‌ను తానే పనికిరాకుండా చేసుకుంటున్నాడు.

ఇప్పుడు కొలతల లెక్క, ఇక్కడ తొందర పడకూడదు. 60 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు, 30 లోతు ఉన్న సింకులో 81 లీటర్లు పడతాయి. ముప్పాతిక వరకు నింపుతామనుకుంటే 61 లీటర్లు. బిరడా పీకితే ఒక నిమిషంలో ఖాళీ అయ్యే సింకుకు నిమిషానికి 61 లీటర్ల ప్రవాహం తట్టుకునే ట్రాప్ కావాలి. రెండు నిమిషాలకు ఖాళీ అయ్యేలా సన్నం చేస్తే 30 లీటర్లు చాలు. అమ్మేవాళ్ళు '50 లీటర్ల ట్రాప్', '100 లీటర్ల ట్రాప్' అంటారు. అది పెట్టెలో పట్టే నీళ్ళ కొలత, దాంతో మీకు పని లేదు. రెండు ప్రశ్నలు అడగండి: నిమిషానికి ఎన్ని లీటర్లు తట్టుకుంటుంది, ఎన్ని కిలోల జిడ్డు పట్టుకోగలదు. అమెరికాలో ప్లంబింగ్ అండ్ డ్రైనేజ్ ఇన్‌స్టిట్యూట్ ప్రమాణం ప్రకారం నిమిషానికి ఒక గ్యాలన్ ప్రవాహానికి రెండు పౌండ్ల జిడ్డు పట్టే సామర్థ్యం ఉండాలి. మన కొలతల్లో నిమిషానికి నాలుగు లీటర్లకు దాదాపు కిలో. 30 లీటర్ల అవసరానికి దగ్గర్లో దొరికే పై సైజు నిమిషానికి 38 లీటర్లది, అది 9 కిలోల జిడ్డు పట్టుకుంటుంది.

తొమ్మిది కిలోలు చాలా పెద్దదిగా అనిపిస్తుంది. రోజుకు 500 ప్లేట్లు లేచే చోట ప్లేటుకు అయిదు గ్రాముల జిడ్డు నీళ్ళలోకి పోతుందనుకోండి. ప్లేటు అంచున మిగిలిన మసాలా నూనె చూసినవాళ్ళకు అయిదు గ్రాములు ఎక్కువనిపించదు. రోజుకు రెండున్నర కిలోలు. హండీలు, మూకుళ్ళు పక్కన పెట్టినా ఆ ట్రాప్ నాలుగో రోజుకే నిండిపోతుంది. వారానికొకసారి తీయిస్తున్నామని చెప్పే హోటల్లో మిగిలిన మూడు రోజులూ జిడ్డంతా నేరుగా మోరీలోకే పోతోంది. అదే ప్లేటును కడిగేముందు గీకి తుడిస్తే, మిగిలేది ఒక గ్రామనుకుంటే, రోజుకు అరకిలో, పద్దెనిమిది రోజులు. ఇంకో ట్రాప్ కొనకుండా, స్థలం వెతుక్కోకుండా సామర్థ్యం అయిదు రెట్లయింది. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నదానికి ఇంతకంటే గట్టి రుజువు లేదు.

గీకడం ఎలా? ప్లేట్లు వచ్చే బల్ల పక్కన సింకు కంటే ముందు రెండు డబ్బాలు ఉండాలి. మొదటి దాంట్లో ఎముకలు, మెతుకులు, ఆకులు. తర్వాత మెత్తని రబ్బరు లేదా సిలికాన్ గీకుడు బద్దతో ఒకే ఊపులో గ్రేవీ అదే డబ్బాలోకి. కుర్మా, మటన్ ప్లేట్లయితే పాత న్యూస్‌పేపర్ ముక్కతో ఒక్క తుడుపు, పేపరు రెండో డబ్బాలోకి. ప్లేటుకు మూడు నాలుగు సెకన్ల పని. బిర్యానీ హండీలు, కూర గంజులు వెచ్చగా ఉండగానే వంచి, అడుగున చేరిన నూనెను జల్లెడ మీదుగా విడి డబ్బాలోకి వంపాలి. చల్లారాక మటన్ కొవ్వు గోడకు అంటుకుపోతుంది, అప్పుడు వేడినీళ్ళు తప్ప గత్యంతరం లేదంటారు, ఆ వేడినీళ్ళతో అది ట్రాప్ దాటిపోతుంది. మూకుడు నీళ్ళు పోసేముందు పేపరుతో ఒకటికి రెండుసార్లు తుడవాలి.

చాలా హోటళ్ళలో ప్లేట్లను ముందు ఒక టబ్బులో నానేస్తారు. వంటింట్లో అన్నిటికంటే జిడ్డు నీళ్ళు ఆ టబ్బువే, వాటిని ఒక్కసారిగా దొర్లించేస్తారు. దానికి బదులు అడుగున కుళాయి బిగించిన ప్లాస్టిక్ డ్రమ్ము పెట్టండి. నీళ్ళు మార్చాల్సి వచ్చినప్పుడు పది నిమిషాలు కదపకుండా ఉంచి, కుళాయి తిప్పి కింది నీళ్ళు వదలండి. పైన తేలిన తెట్టు కుళాయి దాకా దిగేలోపు కట్టేసి, దాన్ని గరిటెతో ఎత్తి డబ్బాలో వేయండి. నాలుగొందల రూపాయల కుళాయితో ఇది కూడా ఒక ట్రాపే. నానబెట్టే నీళ్ళలో సబ్బు కలపకూడదు, సబ్బు తర్వాతి సింకులోకే.

మన వైపు ఇంకో సమస్య ఉంది, విదేశీ ట్రాపుల కరపత్రాల్లో ఎక్కడా కనిపించదు: పిండి. ఇడ్లీ దోసె పిండి గ్రైండర్ కడిగిన నీళ్ళు, బియ్యం కడుగు, గంజి ట్రాప్‌లోకి పోతే పిండి అడుగున దిగి రెండో రోజుకల్లా పులుస్తుంది. అడుగు నుంచి నాలుగు అంగుళాలు మడ్డి చేరితే నీళ్ళు పారే దారి ఇరుకై వేగం పెరుగుతుంది, వేగం పెరిగితే నూనె తేలదు. పులిసిన పిండి వాసన గదంతా పట్టుకుంటుంది, ఆ ఆమ్లం సిమెంటు చాంబర్ గోడల్నీ తింటుంది. గ్రైండర్ కడిగిన నీళ్ళను బకెట్లో ఒక గంట పేరనిచ్చి, పై నీళ్ళు మాత్రం వంపండి. అడుగు పిండి తడి చెత్తలోకి. టీ పొడి, పాత్రలు తోమే గరుకు పౌడర్ చేసే చెడూ ఇదే, అవి అడుగున ఇసుకలా కూర్చుంటాయి.

పొయ్యి మీద పొగ లాగే హుడ్‌లోని ఫిల్టర్ల మాట క్లుప్తంగా. కింది పళ్ళెంలో కారిన నూనెను డబ్బాలోకి వంపండి, ఫిల్టర్లను కడిగేముందు గీకండి. వాటిని కాస్టిక్‌లో నానబెట్టిన నీళ్ళు ట్రాప్‌లోకి పోతే అందులో ఆగిన జిడ్డును కూడా కలిపి లాక్కుపోతాయి.

ట్రాప్ తీయడం పొద్దున్నే, మొదటి కుళాయి తిప్పకముందు చేయాలి. రాత్రంతా చల్లారి తెట్టు గట్టిపడి ఉంటుంది, చిల్లుల గరిటెతో పలకల్లా వస్తుంది. రాత్రి పని ముగిశాక తీస్తే వేడి మీద పలచగా జారిపోతుంది. గ్లవ్స్ వేసుకుని, తలుపులు తెరిచి, ఫ్యాను వేసి మూత తీయాలి. కొలిచే పుల్ల లేదా స్కేలు దింపి పై తెట్టు మందం, అడుగు మడ్డి మందం చూడాలి. రెండూ కలిపి నీటి లోతులో నాలుగో వంతుకు చేరేలోపే తీయాలి. అది దాటుతున్నదంటే రెండు శుభ్రతల మధ్య ఎడం తగ్గించాలి. తెట్టు ఎత్తాక బుట్ట బయటికి తీసి దులపాలి, అడ్డు పలకలను గీకాలి, అడుగు మడ్డిని చిన్న చేటతో ఎత్తాలి. చాలామంది ఆఖర్న హోస్ పైపుతో గట్టిగా కడిగేస్తారు, దాంతో గీకి వదిలేసినదంతా బయటి పైపులోకి పోతుంది. అలా కడగొద్దు. మూత రబ్బరు పట్టీ చిరిగిందేమో చూసి, మూసేముందు ట్రాప్‌ను మామూలు చల్లటి నీళ్ళతో నింపాలి. ఖాళీ ట్రాప్‌లోకి మొదటి సింకు నీళ్ళు వస్తే, నీటిమట్టం లేచేదాకా తెట్టు కూడా కింది సందు గుండా దాటి ఆఖరి అరలోకి చేరిపోతుంది.

ఇదంతా ఇరవై నిమిషాల పని. ఈ పని ఎప్పుడూ అందరికంటే తక్కువ జీతం ఉన్న మనిషి నెత్తిన పడుతుంది, అతనికి ఎలా చేయాలో ఎవరూ చూపించరు. ఇది నాకు నచ్చని విషయం. పనిగంటల్లో దీనికి సమయం రాయండి, గ్లవ్స్, ముక్కుకు మాస్కు, సబ్బు ఇవ్వండి, అదనంగా డబ్బు ఇవ్వండి. తారీఖు, తెట్టు మందం, తీసిన కిలోలు, చేసినవారి సంతకం ఒక నోటుబుక్కులో రాయించండి. నాలుగు నెలల కిలోల వరుస చూస్తే ప్లేట్లు సరిగ్గా గీకుతున్నారా లేదా అన్నది అందులోనే తెలుస్తుంది.

సిల్ట్ చాంబర్ ఉంది కదా, ట్రాప్ ఎందుకని అడిగేవాళ్ళున్నారు. హైదరాబాద్‌లో జలమండలి హోటళ్ళను, పెద్ద భవనాలను సిల్ట్ చాంబర్ కట్టుకొమ్మంటుంది, కట్టనివాళ్ళకు నోటీసులిస్తుంది. ఆ చాంబర్ బరువైన వాటి కోసం: ఇసుక, మెతుకులు, ఎముక ముక్కలు అడుగున ఆగిపోతాయి. నూనె పైన తేలుతూ హాయిగా దాటిపోతుంది. దానికి చిన్న మార్పు చేయవచ్చు. బయటికి పోయే పైపుకు నిలువుగా T ఆకారపు పైపు ముక్క ఒకటి బిగించి, దాని కింది కాలు నీటిమట్టానికి 30 నుంచి 45 సెంటీమీటర్ల లోతుకు దింపండి. పై మూతికి క్యాప్ పెట్టండి, రాడ్ వేయాల్సినప్పుడు తీయడానికి. అప్పుడు చాంబర్ కూడా తెట్టును పట్టుకుంటుంది. వరుస మాత్రం ఇలా ఉండాలి: సింకు జాలీ, ట్రాప్, సిల్ట్ చాంబర్, ఆ తర్వాతే మ్యాన్‌హోల్. మరుగుదొడ్ల లైను ట్రాప్ దాటాక మాత్రమే కలవాలి. ట్రాప్‌ను ఎక్కడో ప్రహరీ మూలన పెట్టి సింకు నుంచి నలభై అడుగుల పైపు వేస్తే, ట్రాప్ ఖాళీగా ఉంటుంది, పైపు జామ్ అవుతుంది. జిడ్డు దారిలోనే గట్టిపడుతుంది.

ఎంజైమ్ ద్రావణాలు, 'జిడ్డు తినే బ్యాక్టీరియా' డబ్బాలు కొనమని ఏజెంట్లు వస్తారు. ట్రాప్‌లో తెట్టు పలచబడితే పని జరిగినట్టే కనిపిస్తుంది. ఆ పలచబడ్డ నూనె ఎటు పోయిందని అడగండి. ఒకటి రెండు నిమిషాలు మాత్రమే నీళ్ళు ఆగే పెట్టెలో సూక్ష్మజీవులకు కిలోలకొద్దీ కొవ్వును పూర్తిగా తినేంత వ్యవధి ఉండదు. అది కరిగి కిందికి పోయింది, అంతే.

మూకుట్లో వాడిన నూనె వేరే దారి, దాన్ని ఎన్నడూ ట్రాప్ జిడ్డుతో కలపకూడదు. వాడిన నూనెకు ధర ఉంది, చట్టం కూడా ఉంది. 2018 జూలై 1 నుంచి దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. పరిమితి ప్రకారం నూనెలో టోటల్ పోలార్ కాంపౌండ్లు, అంటే మరిగే కొద్దీ నూనె విరిగి ఏర్పడే పదార్థాలు, 25 శాతం దాటితే అది వంటకు పనికిరాదు. అదే ఏడాది ఆగస్టు 10న వాడిన నూనెను బయోడీజిల్‌కు మళ్ళించే 'రూకో' కార్యక్రమం మొదలైంది. వేపుళ్ళకు రోజుకు 50 లీటర్లకు మించి నూనె వాడేవాళ్ళు 2019 మార్చి 1 నుంచి లెక్కలు రాయాలి, గుర్తింపు ఉన్న సేకరణ సంస్థలకే ఇవ్వాలి. చిన్న కొట్లు కూడా ఇదే పద్ధతి పట్టుకోవడం మంచిది.

25 శాతం దాటిందో లేదో చేతి మీటర్‌తో చూడవచ్చు. పొయ్యి ఆపి, ముక్కలన్నీ తీసేసి, అయిదు నిమిషాలు బుడగలు తగ్గనిచ్చి ముంచాలి. నీటి బుడగలు ఉంటే అంకె తప్పు చూపుతుంది. మీటర్ లేని చోట రంగు ఒక్కటే చూసి నిర్ణయించకండి, మిర్చి బజ్జీ కారం, పసుపు కూడా నూనెను నల్లబరుస్తాయి. నీలి బూడిద రంగు పొగ, తగ్గని గట్టి నురగ, జిగట, కమురు వాసన కలిసి కనిపిస్తే ఆ నూనె పని అయిపోయింది. నూనె ఎక్కువ రోజులు నిలవాలంటే వేడి 180 డిగ్రీలు దాటనివ్వకూడదు, ఉప్పు వేపాక చల్లుకోవాలి, రాలిన శనగపిండి పూసను ప్రతి వాయికీ చిల్లుల గరిటెతో తీసేయాలి, గిరాకీ లేనప్పుడు మంట తగ్గించాలి, రాగి ఇత్తడి గరిటెలు వాడకూడదు. మడ్డి పట్టిన నూనెలో కొత్త నూనె కలిపితే పాతది బాగుపడదు, కొత్తది తొందరగా చెడుతుంది.

పారేయాల్సిన నూనెను చల్లార్చి, వడగట్టి, పొడి డబ్బాలో పోయాలి. చుక్క నీళ్ళు కూడా పడకూడదు. బయోడీజిల్ చేసేటప్పుడు నీళ్ళూ కొవ్వు ఆమ్లాలూ ఎక్కువైతే సబ్బు ఏర్పడి దిగుబడి తగ్గుతుంది, అందుకే నీళ్ళు కలిసిన నూనెకు ధర కోస్తారు. డబ్బా మీద 'వంటకు పనికిరాదు' అని పెద్దగా రాయండి. తీసుకెళ్ళేవాళ్ళ నుంచి తేదీ, బరువు, సంస్థ పేరు ఉన్న రసీదు తీసుకోండి. సేకరణ సంస్థ ఇచ్చే ధర కంటే ఎక్కువ ఇస్తానని టీవీఎస్ బండి మీద ఎవరైనా వస్తే ఆలోచించండి. ఇంధనం చేసేవాడి లెక్కకు అందని ధర అతను ఇస్తున్నాడంటే, దాన్ని మళ్ళీ తినే నూనెగా అమ్మే అవకాశమే ఎక్కువ. ఆ డబ్బా ఏ రోడ్డు పక్క బండి దగ్గరికి చేరుతుందో, అక్కడ తినేది బడి పిల్లలే. కిలోకు అయిదు రూపాయలు అదనంగా వస్తాయని ఆ పాపంలో పాలు పంచుకోవద్దు.

ట్రాప్ నుంచి తీసిన తెట్టును ఎవరూ కొనరు. నీళ్ళు, సబ్బు, కుళ్ళిన మెతుకులు కలిసిన ముద్ద అది. ఊక గానీ రంపపు పొట్టు గానీ కలిపి, పిండితే కారనంత పొడిగా చేసి, రెండు సంచుల్లో కట్టి చెత్త బండివాళ్ళకు చెప్పి ఇవ్వాలి. సొంత బయోగ్యాస్ ప్లాంటు ఉన్నవాళ్ళు తడి చెత్తలో కొద్దికొద్దిగా కలపవచ్చు. కొవ్వు నుంచి గ్యాస్ బాగా వస్తుంది కానీ ఒక్కసారే ఎక్కువ వేస్తే ప్లాంటు ఆగిపోతుంది. నేల కింద పెద్ద చాంబర్లు ఉన్న చోట వాక్యూమ్ ట్యాంకర్ పిలవాలి, అది ఏ శుద్ధి కేంద్రంలో దించిందో రసీదు అడగాలి. అడగకపోతే కొన్ని బండ్లు రెండు వీధుల అవతల మ్యాన్‌హోల్ మూత ఎత్తి అందులోనే వదిలేస్తాయి.

ఆ పెద్ద చాంబర్‌లోకి మనిషిని దింపకూడదు. జిడ్డు గాలి అందక కుళ్ళితే హైడ్రోజన్ సల్ఫైడ్ వస్తుంది. మొదట కుళ్ళిన గుడ్డు వాసన, మోతాదు పెరిగితే ముక్కుకు ఆ వాసన తెలియడమే ఆగిపోతుంది, రెండు మూడు శ్వాసల్లో మనిషి కూలిపోతాడు. 2015 నవంబరులో కోళికోడ్‌లో మ్యాన్‌హోల్లోకి దిగిన ఇద్దరు కార్మికులు మన ఆంధ్ర నుంచి వెళ్ళినవాళ్ళు. వాళ్ళను పైకి లాగబోయిన స్థానిక ఆటో డ్రైవర్ కూడా వాళ్ళతోనే పోయాడు. మురుగు కాలువల్లో, సెప్టిక్ ట్యాంకుల్లో రక్షణ లేకుండా మనుషులతో పని చేయించడాన్ని 2013 చట్టం నిషేధించింది. చనిపోతే కుటుంబానికి కనీసం 30 లక్షల పరిహారం ఇవ్వాలని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. మ్యాన్‌హోల్ జామ్ అయిన ప్రతిసారీ ఎవరినో ఒకరిని దింపుదామన్న మాట వస్తుంది. సింకు దగ్గర గీకకుండా వదిలేసిన ప్లేటు ఆ మాట దాకా తీసుకెళ్ళే దారిలో మొదటి అడుగు.

అద్దె కొట్లవాళ్ళ ఇబ్బంది నిజమైనదే. గ్రౌండ్ ఫ్లోర్‌లో పది అడుగుల గదిలో టిఫిన్ సెంటర్, తవ్వడానికి ఓనరు ఒప్పుకోడు, పైన అపార్ట్‌మెంట్ లైనూ కింద మీ లైనూ ఒకటే. అలాంటి చోట నేల మీద నిలిచే చిన్న ట్రాప్, కుళాయి డ్రమ్ము, గీకుడు బద్ద, ఈ మూడింటితో చాలా వరకు నెట్టుకురావచ్చు. వరుసగా పది కొట్లున్న ఫుడ్ స్ట్రీట్లలో అందరికీ కలిపి ఒక పెద్ద ట్రాప్ కట్టడం చవక. కానీ అందరిదీ అంటే ఎవరిదీ కాదు, శుభ్రం చేయించే బాధ్యత పేరు పెట్టి ఒకరికి అప్పగించి, ఖర్చు సీట్ల సంఖ్య ప్రకారం పంచుకోవాలి. కొత్తగా కొట్టు అద్దెకు తీసుకునేవాళ్ళు అగ్రిమెంటులో మూడు విషయాలు రాయించుకోండి: అంట్ల సింకు లైను మరుగుదొడ్డి లైనుతో ఎక్కడ కలుస్తుంది, చాంబర్ మూత తెరవడానికి దారి ఎప్పుడూ ఖాళీగా ఉంచే పూచీ ఎవరిది, లైను జామ్ అయితే ట్రాప్ నోటుబుక్కు చూసి ఖర్చు ఎవరు పెట్టుకోవాలి.